లెఫ్ట్ కార్నర్ అక్క

"...అప్పుడు ఆ పిల్లని గుండెలకి హత్తుకుని ఏడ్చేశానండీ నేను. మ్యాచ్ పోతే పోయిందమ్మా, నా పరువు నిలబెట్టావు అన్నాను," అని పీడీ సారు మైకులో అంటున్నాడు. నేను లేచి నిలబడిపోయాను. నా కుర్చీ వెనక్కి పడింది. పక్కనే ఉన్న సునీత నా చున్నీ పట్టుకుని కిందకి లాగుతోంది.

"కూర్చోవే బాబూ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. సార్! చెంప మీద కొట్టిన సంగతి కూడా చెప్పండి సార్!"

గట్టిగా అరుద్దామనే లేచాను. కానీ గొంతు సగమే వచ్చింది, మిగతా సగం ఏడుపొచ్చింది. అదే కొంప ముంచింది. సారు ఒక్క క్షణం ఆగాడు. ఆగి, తల ఇలా పక్కకి వంచి, జాలిగా నవ్వాడు.

"చూశారాండీ, స్నేహితురాలి కోసం ఎలా అల్లాడిపోతుందో! కబడ్డీ ఆడిన పిల్లలు కదండీ, ఆవేశం ఎక్కువ. కూర్చో తల్లీ, కూర్చో. ఎవరైనా మంచినీళ్ళివ్వండమ్మా."

జనం చప్పట్లు కొట్టారు. నా ఏడుపుకి చప్పట్లు! నేనేమన్నానో ముందు వరసలో వాళ్ళకి కూడా వినపడలేదు. వినపడిన వాళ్ళు విననట్టు మొహం పెట్టారు. ఎవరో ఆవిడ నా చేతిలో వాటర్ ప్యాకెట్ పెట్టింది. దాన్ని తీసి స్టేజీ మీదకి విసిరేద్దామనిపించింది. విసరలేదు. ఎందుకు విసరలేదో తర్వాత చెప్తాను, అదీ అక్క వల్లే.

ఇది మా బందరు కాలేజీ గ్రౌండులో జరిగింది. నేను అందులో డిగ్రీ రెండో ఏడు దాకా చదివి మానేశాను, ఇప్పుడు రోల్డ్ గోల్డ్ షెడ్డులో రాళ్ళు అతికే పని చేస్తున్నాను. పీడీ సారంటే కాలేజీలో ఆటలు నేర్పే సారు. సభేమో మా అక్క కోసం పెట్టింది. అక్కంటే సొంత అక్క కాదు. మా కబడ్డీ జట్టులో సీనియరు, లెఫ్ట్ కార్నరు, అంటే ఎడం చివర నిలబడి పట్టే మనిషి. పోయిన నెల జ్వరం వచ్చి చనిపోయింది. నమ్మండి, అంత మనిషి, జ్వరానికి పోయింది. అందుకని ఆవిడ జ్ఞాపకంగా ఒక మ్యాచ్ పెట్టి, ముందు పాస్టరు గారితో ప్రార్థన చేయించి, తర్వాత సారు ప్రసంగం.

వెనకాల ఫ్లెక్సీ కట్టారు. అందులో సారు ఫోటో ఇంత, ప్రిన్సిపాల్ గారిది ఇంత, ఎవరో పెద్దాయనది ఇంకా పెద్దది. మూలన చిన్నగా అక్క. అదన్నా కబడ్డీ ఫోటోనా? కాదు. పెళ్ళి ఫోటో. తెల్ల చీర, తల మీద ముసుగు, చేతిలో పూలు. మా అక్క జీవితం మొత్తం మీద కళ్ళు కిందకి దించుకున్న రోజు అదొక్కటే, వెతికి వెతికి దాన్నే వేశారు.

అక్క పేరు ఇక్కడ రాయను. ఆ రోజు మైకులో ఆయన నోట్లో ఆ పేరు నలిగింది చాలు.

అసలు అక్క ఎలా ఉండేదో చెప్పాలి. చూస్తే భయమేసేది. పొడుగు, వెడల్పు, మెడ మీద చెమటకాయలు, గొంతు చూస్తే అవతలి ఒడ్డున ఉన్న పడవని పిలిచే గొంతు. నిజంగానే వాళ్ళది హంసలదీవి పక్కన, చేపల పని చేసే ఇల్లు. మాట్లాడితే తిట్టినట్టే ఉండేది. "తిన్నావా" అని అడిగినా "తిన్నావా!" అన్నట్టే. హాస్టల్లో కొత్తగా వచ్చిన పిల్లలు ఆవిడ బకెట్టు దగ్గర ఉంటే వేరే పంపుకి వెళ్ళిపోయేవాళ్ళు.

నేను మొదటిసారి ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు సారు నన్ను కూతకి పంపాడు. కబడ్డీ కబడ్డీ అంటూ ఒకే ఊపిరి మీద అవతలి వాళ్ళలోకి వెళ్ళి తాకి రావడమే కూతకెళ్ళడం. అప్పుడు నేను ఎండు పుల్లలా ఉండేదాన్ని. కాలు ముందుకు పెట్టానో లేదో నా మడమ ఎవరో నేలకి మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోయింది. చూస్తే అక్క రెండు చేతులూ. తర్వాత అక్క మొత్తం నా మీద. ఇసకలో నా మొహం. కూత ఆగింది. ఆగిన క్షణమే, విజిల్ కూడా పడకముందే, నా మీంచి బరువు లేచిపోయింది.

"ఊపిరుందా?"

నేను తలూపాను.

"తలూపకు, నోటితో చెప్పు. ఊపిరుందా?"

"ఉందక్కా."

"అయితే లే. కూత ఆగాక ఒక్క క్షణం కూడా నొక్కకూడదే. అప్పటిదాకా ఆట, తర్వాత కొట్లాట."

ఎవర్ని పట్టినా అంతే. మన జట్టయినా, అవతలి జట్టయినా. పట్టేటప్పుడు దయ్యం. వదిలేటప్పుడు చెయ్యిచ్చి లేపి, ఒంటి మీద ఇసక దులిపి, ఊపిరుందా అని అడిగి పంపేది. అవతలి జట్టు వాళ్ళు మొదట్లో వెటకారం అనుకునేవాళ్ళు. ఒకమ్మాయి "లేకపోతే నువ్విస్తావా?" అంది. "ఇస్తా, నోరు తెరు" అంది అక్క. ఇద్దరూ గీత మీద నిలబడి నవ్వుకున్నారు, అంపైరు విజిలేసి తిట్టాడు.

గోళ్ళ పిచ్చి ఒకటి. ఆట ముందు అంపైరు గోళ్ళు చూస్తాడు, పెరిగి ఉంటే కత్తిరించమంటాడు. పైపైన చూస్తాడు. అక్క అలా కాదు, మిగతా ఆరుగురినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్క వేలూ తన బుగ్గకి రుద్దుకుని చూసేది. గరుగ్గా తగిలితే నీ పని అయిపోయిందే. ఒకసారి సునీత బొటన వేలి గోరు దాచింది. ఇదే సునీత, సభలో నా చున్నీ లాగింది. ఆ రోజు కూతకొచ్చిన అవతలి పిల్ల తొడ పట్టుకున్నప్పుడు గోరు దింపింది. ఆ పిల్ల కెవ్వుమంది. అంపైరు చూడలేదు. మాకు పాయింటొచ్చింది. సారు బయట నుంచి "శభాష్" అన్నాడు.

అక్క సునీత దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పైకెత్తి చూసింది.

"ఏంటిది?"

"చూసుకోలేదక్కా."

"చూసుకునే దాచావు. ఒసే, కోపం ఉంటే చేతుల్లో పెట్టుకో, గోళ్ళల్లో పెట్టుకోకు. పట్టలేనోళ్ళే గిల్లుతారు."

ఆ మాటకి సునీత ఆ రోజంతా ఏడ్చింది. మర్నాడు అక్క వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన ఎండు రొయ్యల వేపుడు సీసా మొత్తం సునీతకే పెట్టేసింది. నాకు ఒక్క రొయ్య కూడా పెట్టలేదు. ఆ కోపం నాకింకా ఉంది.

కోపమంటే గుర్తొచ్చింది, బస్సు సంగతి చెప్పాలి. క్రిస్మస్ సెలవులకి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. తిరిగి బందరు వస్తున్నాం. బస్సు కిక్కిరిసి ఉంది. మోపిదేవి దాటాక నా వెనకాల ఒకడు తగలడం మొదలుపెట్టాడు. నేను పక్కకి జరిగితే వాడూ జరుగుతున్నాడు. అక్కకి చెప్పలేదు, చెప్తే చంపేస్తుందని. నా మొహం చూసి తనే కనిపెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వాడి మణికట్టు పట్టుకుంది. అంతే. పట్టుకుని, "ఎక్కడ దిగుతారండీ?" అని అడిగింది, చాలా మర్యాదగా.

"చల్లపల్లి. చెయ్యి వదులమ్మా."

"చల్లపల్లి వచ్చాక వదుల్తానండీ. పిల్లలా?"

"ఆఁ?"

"పిల్లలున్నారా అండీ?"

"ఉన్నారు... ఇద్దరు ఆడపిల్లలు."

"ఏం చదువుతున్నారు?"

చల్లపల్లి దాకా వాడి పిల్లల చదువు, వాడి ఆవిడ ఒంట్లో బాగోలేకపోవడం, పొలం కౌలు, అన్నీ అడిగింది. వాడు చెప్పాడు. చెమటలు కక్కుతూ చెప్పాడు. చల్లపల్లిలో చెయ్యి వదిలితే మణికట్టు చుట్టూ గాజులేసినట్టు ఎర్రగా ఉంది. బస్సులో ఎవ్వరికీ ఏమీ అర్థం కాలేదు. "కొట్టొచ్చు కదక్కా" అన్నాను. "కొడితే వాడికి నొప్పే గుర్తుంటుంది, చేసింది గుర్తుండదు" అంది. అదే అక్క. వాటర్ ప్యాకెట్ అందుకే విసరలేదు.

ఆ సెలవుల్లో అక్క వాళ్ళ ఊళ్ళోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. సాయంత్రం అయ్యేసరికి అందరూ ఇసకలో గీతలు గీసి కబడ్డీ ఆడేవాళ్ళు. వలలు సర్దుకున్న మగాళ్ళు, ఆడపిల్లలు, ఒక ముసలాయన కూడా. విజిల్ లేదు, అంపైరు లేడు. ఎవరికి తగిలితే వాళ్ళే చెయ్యి పైకెత్తి బయటికి వెళ్ళిపోతున్నారు. వేలు తగిలినా, చొక్కా అంచు తగిలినా. తాకిన వాడికి కూడా తెలియని తగలడాలకి చెయ్యెత్తుతున్నారు.

"ఎవరూ దొంగాట ఆడరా?" అన్నాను.

"ఆడితే రేపు ఎవరు ఆడనిస్తారే?" అంది. "ఇక్కడ చూసేవాడు ఎవడూ లేడు. ఎవడి ఒళ్ళు వాడికి తెలియాలి."

సారు మాకు నేర్పింది దీనికి పూర్తిగా ఉల్టా. "అంపైరు ఇచ్చేదాకా మీరు అవుట్ కాదు. ముందే చెయ్యెత్తారో, ఎత్తిన చెయ్యి విరగ్గొడతాను." ప్రతి ప్రాక్టీసులో ఇదే పాట. మేమంతా సరే సార్ అనేవాళ్ళం. అక్క ఏమీ అనేది కాదు. ఆటలో తగిలితే మాత్రం చెయ్యి లేచిపోయేది. సారు పళ్ళు నూరేవాడు. కానీ అలాంటి కార్నరు ఇంకోటి దొరకదు, తిట్టి ఊరుకునేవాడు.

ఇప్పుడు గుడివాడ సంగతి.

అక్కడ కాలేజీల పోటీల్లో ఆ రోజు ఫైనలు. మామూలు ఫైనల్ కాదు. ఆ పోటీలు చూసే యూనివర్సిటీ జట్టుకి పిల్లల్ని తీసుకుంటారు. ఆ జట్టులో ఆడితే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం. అక్కకి ఆ ఖాకీ అంటే ప్రాణం. హాస్టల్ అద్దం ముందు సెల్యూట్ కొట్టుకుంటూ దొరికిపోయింది నాకు. "ఎవరికైనా చెప్పావో, మడమ పట్టేస్తా" అంది. అక్కకి అదే ఆఖరి ఏడు. ఆ రోజు పోతే మళ్ళీ రాదు.

ఆట ఎలా ఆడిందో చెప్పలేను. గుడివాడ జనం మా వాళ్ళు కాదు, అయినా అక్క పట్టిన ప్రతిసారీ లేచి ఈలలేశారు. సెలక్షనుకి వచ్చిన ఇద్దరూ పక్కనే కూర్చుని ఉన్నారు. ఒకాయన వేలు చూపించి "ఆ లెఫ్ట్ కార్నరు" అని రెండో ఆయనతో అనడం నేను చూశాను. చివరికి పాయింట్లు సమానం. ఒక్క కూత మిగిలింది, అది వాళ్ళది. ఆ పిల్ల ఎవర్నీ తాకకుండా వెళ్ళిపోతే మళ్ళీ కొన్ని కూతలు ఆడిస్తారు. ఒక్కరిని తాకినా వాళ్ళు గెలిచినట్టే.

నేను అక్క పక్కన. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నాం, మా ఆటలో అలా గొలుసులా నిలబడతారు. అక్క అరచెయ్యి ఇసకా చెమటా కలిసి గరుగ్గా ఉంది. ఆ పిల్ల వచ్చింది, సన్నగా, పాములా. ఇటు ఊగింది, అటు ఊగింది. చెయ్యి విసిరింది. అక్క ఒంగి వెనక్కి తగ్గింది. ఆ ఊపుకి పైకి మడిచి కట్టుకున్న జడ ఊడి ముందుకి విసిరినట్టు వచ్చింది. ఆ పిల్ల గీత దాటి వెళ్ళిపోయింది. అంపైరు అవతలి పక్కన ఉన్నాడు. ఏమీ లేదు అన్నట్టు చేతులూపాడు. మా వాళ్ళంతా గెంతుతున్నారు. ఆ పిల్ల కూడా తల దించుకుని వాళ్ళ దగ్గరికి నడుస్తోంది, తాకలేకపోయానని.

నా చేతిలోంచి అక్క చెయ్యి జారింది. చూస్తే పైకి లేచి ఉంది.

"ఏంటక్కా?" అన్నాను.

"జడ తగిలింది."

"జడా!"

"కొస. దాని వేళ్ళకి. తెలిసింది."

అంపైరు దగ్గరికి నడిచి వెళ్ళి చెప్పింది. ఆయనకి కాసేపు అర్థం కాలేదు. రెండుసార్లు అడిగాడు. ఒంటి మీద వెంట్రుక కూడా ఒళ్ళేగా, తగిలితే అవుటే. విజిల్ వేశాడు. మేం ఓడిపోయాం.

సారు గీతలు దాటి లోపలికి వచ్చాడు. జనం అందరి ముందూ. ఎడం చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడు నాకింకా వినపడుతుంది. అక్క తలచుకుంటే ఆయన్ని ఒంటి చేత్తో ఎత్తి బయట పడేయగలదు. నాకైతే పడేస్తే బావుండనిపించింది. అక్క ఆయన్నే చూసింది. కళ్ళు దించలేదు, చెయ్యి ఎత్తలేదు, చెంప కూడా తడుముకోలేదు. తర్వాత ఆయన పక్క నుంచి దాటుకుని, అవతలి జట్టు వరసలో నిలబడి ఉంటే వెళ్ళి ఒక్కొక్కరికీ చెయ్యిచ్చింది, ఆట అయ్యాక ఇస్తాం కదా అలా. చెంప మీద వేళ్ళు లేచి ఉన్నాయి. వాటితోనే.

కూతకొచ్చిన ఆ సన్నపిల్ల ఏడ్చేసింది. "నాకు తగిలినట్టే తెలీలేదక్కా. ఎందుకు చెప్పావు?"

"నీకు తెలీకపోతే ఏమైందే, నాకు తెలిసింది కదా," అంది అక్క.

ఇది ఇక్కడితో అయిపోయినా నేను ఇంత మండేదాన్ని కాదు. బ్యాగులు సర్దుతుంటే సెలక్షను ఆయన వచ్చి సారుని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, షూ లేసు కట్టుకుంటున్నాను.

"ఆ లెఫ్ట్ కార్నర్ అమ్మాయి పేరు పంపిస్తారాండీ? చాలా బావుంది."

"ఆ పిల్లకి క్రమశిక్షణ లేదండీ," అన్నాడు సారు. "మాట వినదు. జట్టుని ముంచేస్తుంది. సునీత అని ఉంది, చూడండి, మంచి దూకుడు."

క్రమశిక్షణ లేదట! కూత ఆగాక ఒక్క క్షణం ఎక్కువ నొక్కని మనిషికి. గోరు దింపిన దానికి దూకుడట. కాలేజీ పేరు పంపకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, సెలక్షను ఆయన ఒకసారి అక్క వైపు చూసి వెళ్ళిపోయాడు. అక్క యూనివర్సిటీకి ఆడలేదు. ఖాకీ రాలేదు. పరీక్షలయ్యాక ఊరెళ్ళిపోయింది, రొయ్యల చెరువు మీద పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. "ఊపిరుందా లేదా, అది చెప్పు" అనేది.

ఇదీ జరిగింది. ఇప్పుడు ఆవిడ ఇక నోరు విప్పదని ఖాయం అయ్యాక, అదే జడ, అదే చెయ్యి, మైకులో పెట్టి అమ్ముకుంటున్నాడు. "అది నేను నేర్పిన సంస్కారమండీ" అంటున్నాడు. ఆయన నేర్పింది చెయ్యి విరగ్గొడతాననడం! అక్క ఉద్యోగం అప్పుడు లాక్కున్నాడు, అక్క ఎత్తిన చెయ్యి ఇప్పుడు లాక్కుంటున్నాడు. మనిషికి ఇంకేం మిగిల్చాడు?

సభ అయ్యాక సునీత నా పక్కన నడుస్తూ, "నీకేం, నువ్వు షెడ్డులో చేసుకుంటావు. మా చెల్లి ఇప్పుడు ఆయన జట్టులోనే ఉంది," అంది. తిట్టబోయి ఊరుకున్నాను. దాని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. అక్క బదులు వెళ్ళిన ఆ యూనివర్సిటీ జట్టులో సునీత ఆడింది ఒక్క ఆటేనట, ఆ తర్వాత ఎప్పుడూ కబడ్డీ ముట్టుకోలేదు.

సాయంత్రం బస్టాండులో బావగారు కనిపించారు. అక్క వాళ్ళాయన. కోడూరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. సభలో సారు కప్పిన శాలువా మడత పెట్టి చంకలో పెట్టుకున్నారు. నన్ను చూడగానే మొహం తిప్పేసుకున్నారు.

"బావగారూ..."

"ఏంటమ్మా ఆ గొడవ? తను పోయాక మొదటిసారి ఇంతమందిలో ఎవరో తన గురించి మంచిగా చెప్పారు. నేను మా వాళ్ళకి ఫోనులో వినిపిస్తున్నాను. ఆ ఒక్కటి కూడా ఉండనివ్వవా?"

నిజమే కదా, ఆయన వైపు నుంచి చూస్తే నేను చేసిందేంటి? అయినా చెప్పాను. జడ, చెయ్యి, చెంప, సెలక్షను ఆయన, అన్నీ. బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు.

"కొట్టాడా? మా ఆవిడని? కొడితే ఊరుకుందా?" అన్నారు. "నేను నమ్మను. ఒకసారి చెరువు దగ్గర సూపర్‌వైజరు నన్ను ఏదో అన్నాడని కర్ర తీసుకుని వచ్చేసిన మనిషి."

"మీ కోసం వస్తుంది బావగారూ. తన కోసం రాదు. దెబ్బ తిని, పక్క నుంచి నడుచుకుంటూ వెళ్ళి అవతలి వాళ్ళకి చెయ్యిచ్చింది. ఆయన కథలో ఆయన హత్తుకున్నాడు, ఆయన ఏడ్చాడు. అందులో అక్క ఎక్కడుంది? ఆ రోజు అక్కని ఎవరూ హత్తుకోలేదు. ఒక్కత్తే చేసింది. నేను కూడా షూ లేసు పట్టుకుని కూర్చున్నాను."

ఆయన శాలువా వైపు చూసుకున్నారు. దాన్ని పక్కనున్న బెంచీ మీద పెట్టారు. పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నారు.

"నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టానమ్మా," అన్నారు. ఆ గొంతు విని నాకు ఒళ్ళు మండిపోయింది, సారు మీద. ఇంకో బస్సు వచ్చింది. మెట్టెక్కుతూ వెనక్కి తిరిగారు.

"నాకు చెప్తే ఏం లాభం? అక్కడ చెప్పాలి."

"చెప్పాను కదా బావగారూ. చప్పట్లు కొట్టారు."

"ఏడుస్తూ చెప్పావు. అందుకే ఆయనకి నవ్వడానికి వీలైంది. ఏడవకుండా చెప్పు."

బస్సు వెళ్ళిపోయింది. శాలువా బెంచీ మీదే ఉంది. నేను ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న షెడ్డుకి వెళ్ళకుండా తిన్నగా కాలేజీ గ్రౌండుకి వెళ్ళాను. సారు జట్టు పిల్లలు పరిగెడుతున్నారు. ఒకమ్మాయి వచ్చి "ఎవరు కావాలండీ?" అంది. మొహం చూస్తేనే తెలిసింది, సునీత చెల్లెలు. "మీ సారు," అన్నాను. ఆ పిల్లలకి అప్పుడే చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఆయన లేకుండా చెప్తే అది గిల్లడం అవుతుంది. గట్టు మీద కూర్చున్నాను.

ఆయన బండి మీద వచ్చాడు, మెడలో విజిల్. నన్ను చూసి నిన్నటి నవ్వే నవ్వాడు. "ఏమ్మా, కుదుటపడ్డావా? టిఫిన్ చేశావా?"

"చేశానండీ. మీ పిల్లలకి గుడివాడ సంగతి చెప్పాలి. మీరొచ్చాక మొదలుపెడదామని ఆగాను."

"ప్రాక్టీసు టైములో ఏంటమ్మా ఇది," అని విజిలేశాడు, పిల్లలు మళ్ళీ పరిగెత్తాలని. వాళ్ళు పరిగెత్తలేదు, నన్ను చూస్తున్నారు. మళ్ళీ వేశాడు, ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా, మొహం ఎర్రబడేదాకా. నేను ఆయనకి ఎదురుగా నిలబడి ఊరికే చూస్తూ ఉన్నాను. ఎంతసేపు ఊదుతాడు మనిషి? ఊపిరి తీసుకోవాలి కదా. ఆయన తీసుకోవడానికి విజిల్ నోట్లోంచి తీశాడు, నేను ఏడవకుండా, మామూలు గొంతుతో మొదలుపెట్టాను.

"ఆ రోజు నేను అక్క పక్కన ఉన్నాను. అక్క చెయ్యి నా చేతిలో ఉంది."